ఇరుసు తాళవలెను గదా

నిజామాబాదు దిక్కునుండి కోరుట్ల మీదుగా జగిత్యాలకు సాగిపోవు 63వ జాతీయ రహదారి ప్రక్కన, నూనె త్రాగి త్రాగి నల్లబడిన నేలగల రేకుల కొట్టమొకటి కలదు. గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మోటారు సైకిలు గొలుసు బిగింపించుకొనుటకై నేనచ్చటికి పోయినపుడు, గోనెసంచి మీద ప్రక్కప్రక్కన పరుండబెట్టిన రెండు ఉక్కు ముక్కలు నా కంటబడినవి. ఒకటి మూరన్నర పొడవు, రెండవది బెత్తెడు. ముందటి దినము మధ్యాహ్నమువరకు అవి రెండు గావు. ఒక పికప్పు బండి వెనుక ఇరుసులో కుడిచక్రమును త్రిప్పుచుండిన ఒకే యాక్సిల్ రాడ్డు. బండి యజమాని, గల్ఫులో ఆరేండ్లు కష్టించి తిరిగివచ్చిన యువకుడు, కొట్టము గడపమీద మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండెను. చల్‌గల్ మామిడి మార్కెటునకు కాయలు నింపుకొని పోవుచు, కాలువ వంతెన ఎత్తుమీద ట్రాక్టరొకటి అడ్డువచ్చుటచే బండి నిలిపి, మరల రేసు ఇచ్చి ఒక్కపెట్టున క్లచ్చు విడువగా, పిడుగు పడినట్లు చప్పుడై, కుడిచక్రము బండిని విడిచి ప్రక్కనున్న మక్క చేని కొయ్యకాళ్ళలోనికి దొర్లిపోయెనట. మనుష్యులకు దెబ్బ తగులలేదు. కాయలు మాత్రము పెట్టెలు పగిలి ఒకదాని వెంట నొకటి కాలువలోనికి దూకినవి.

కొట్టము నడుపు మెకానిక్కు ఉస్తాదు చేతులు గుడ్డకు తుడుచుకొనుచు, "ఇంజిన్ల ఎన్ని గుర్రాలున్నయో లెక్కవెట్టినవ్ తమ్మీ, ఎన్క ఇర్సు ఎంత తాళ్తదో ఎవల్నన్న అడిగినవా?" అనెను. యువకుడు తల యెత్తలేదు. ఆ ప్రశ్నను నేను ఇంటికి తెచ్చుకొంటిని.

ఏలయన, గడచిన అధ్యాయములలో నేనును శక్తిని పెంపొందించుకొను ఉపాయములనే చెప్పుచు వచ్చితిని: వేకువనే లేచుట, కొత్త విద్య నేర్చుట, పెట్టుబడి కూర్చుట, ధైర్యము చేయుట. ఇవన్నియు ఇంజను వైపు సంగతులు. ఆ యువకుడును ఇంజను వైపే చూచినవాడు. నగరములో ఎవరో కంప్యూటరు తగిలించి ఇంజను లెక్కలు మార్చి బలమును నాలుగవ వంతు పెంచి యిచ్చిరి. అతడు సంతసించి వెడల్పును ఎత్తును గల టైర్లు వేయించెను. బండిని కొండగట్టునకు తోలుకొనిపోయి అంజన్న సన్నిధిని పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించెను. ఆ నిమ్మకాయ నలిగిన చోటికి మూరెడు లోపు ఎత్తున, బురదపట్టి చీకటిలో నున్న ఇరుసును మాత్రము వంగి చూచినవాడు లేడు. ఇది అతని యొక్కని లోపమని నేననజాలను. పెండ్లి సంబంధములలో పిల్లవాని జీతమెంత యని అడుగుదురు గాని, ఆ జీతము వెనుక అతడేమి మోయుచున్నాడో అడుగువారు మన పల్లెలలోను పట్టణములలోను అరుదే గదా.

అశ్వశక్తి యను మాటను తన ఆవిరి యంత్రములను గుర్రములతో సరిపోల్చి చూపుటకై వాడుకలోనికి తెచ్చినవాడు జేమ్సు వాట్టు. నేటి కొలతలో ఒక అశ్వశక్తి 746 వాట్లు. మెలిత్రిప్పు బలమును తిరుగు వేగముతో హెచ్చవేయగా వచ్చిన లబ్ధమది. ఇరుసును విరుచునది ఆ లబ్ధము గాదు, అందులోని మెలి. మెకానిక్కులు దానినే టార్కు అందురు. బండి నూరు కిలోమీటర్ల వేగమున పరుగిడునపుడు గుర్రములన్నియు కాడి లాగుచుండును గాని ఇరుసు మీద మెలి స్వల్పము. నిలిచిన బండి కదలబోవు క్షణమున గుర్రములు ఇంకను లేచియైన ఉండవు, మెలి మాత్రము పరాకాష్ఠ నందియుండును. కావుననే ఇరుసులు తరచుగా విరుగునది పరుగులో గాదు, కదలికలో.

లెక్కవేసి చూతము. ఇంజను 360 న్యూటన్ మీటర్ల మెలి నిచ్చునది యనుకొందము. మొదటి గేరు దానిని నాలుగు రెట్లు చేయును. వెనుక హౌసింగులోని క్రౌను, పీనియను కలిసి మరల నాలుగు రెట్లు చేయును. 360 కాస్తయు 5,760 అగును, చక్రమొకటికి 2,880. మీటరు పొడవుగల పానా చివర అరువది కిలోల మనుష్యు లైదుగురు ఎక్కి నిలిచినచో ఎంతయో అది అంత. ఇంజను బలమును నాలుగవ వంతు పెంచినవాడు తనకు తెలియకయే ఆ పానా మీదికి ఆరవవానిని ఎక్కించినవాడగుచున్నాడు. ఇక క్లచ్చును ఒక్కసారిగా విడిచినపుడో, గిరగిర తిరుగుచున్న ఫ్లైవీలు తాను దాచుకొన్న వేగమునంతయు ఒక్క కుదుపున వదలును గనుక, ఆ ఆరుగురును పానాపై నెమ్మదిగా ఎక్కి నిలుచుట గాక గోడమీదినుండి దానిపైకి దూకుట జరుగును.

ఐనచో రెండు నెలలపాటు ఖాళీబండితో, ఊరి పిల్లలు కేరింతలు కొట్టుచుండగా, చక్రములు పొగలెగయ త్రిప్పినను విరుగని ఇరుసు, పని చేయుచు మార్కెటునకు పోవునాడే ఏల విరిగెను? ఇందు ఒక చిత్రమున్నది. టైరు జారుటయే ఇరుసునకు రక్ష. వెనుక చక్రములపై వేయి కిలోల భారమున్నపుడు, పొడి తారురోడ్డు మీద జారక ముందు ఆ రెండు టైర్లును కలిసి తాళగల మెలి ఇంచుమించు 3,000 న్యూటన్ మీటర్లు మాత్రమే. అంతకు మించినదంతయు పొగయై పోవును. మరియొక వేయి కిలోల కాయలు నింపినచో ఆ హద్దు 6,000కు జరుగును. అపుడు టైరు జారదు, మెలి యంతయు ఉక్కులోనికే దిగును. వ్యాసము పెరిగిన టైరు ఆ హద్దును ఇంకను పైకి నెట్టును, నేలపట్టు చక్రపు అంచున పనిచేయు బలమగుట చేతను, వ్యాసార్ధము దానికి మీట యగుట చేతను. బరువులేని వయసున మనము చేసిన దుడుకు పనులు అనేకము పొగయై పోయినవి. తల్లిదండ్రుల మందులు, చెల్లెలి పెండ్లి, బ్యాంకు కిస్తు వెనుక ఎక్కిన తరువాత అదే దుడుకు, అదే మనిషి, అదే పాదము చేసినను ఫలము వేరగుట ఇందువలననే.

ఉస్తాదు బెత్తెడు ముక్కను బల్బు క్రిందికి తెచ్చి, విరిగిన ముఖమును నాకు చూపెను. సగము మేర అది పాత ఇత్తడివలె మసకబారి నున్నగా నుండెను; దానిమీద వంపుగీతలు వరుసలు వరుసలుగా, ఎండకాలమున చెరువు తగ్గుచు తగ్గుచు గట్టుమీద విడిచిపోవు నీటిచారలవలె కానవచ్చినవి. మిగిలిన సగము అప్పుడే విరిచిన బెల్లపు దిమ్మవలె గరుకై తళతళలాడుచుండెను. "గీ నున్నటి సగం ఎన్నడో వలిగింది తమ్మీ. నిన్న ఇర్గింది గీ సగమే," అనెను ఉస్తాదు. అంతటితో ఆగక మూరన్నర ముక్కను త్రిప్పి, లోపలి కొనను చూపెను. క్రౌను దగ్గర కూర్చుండు పళ్ళు నిటారుగా నుండవలసినవి, ఆడపిల్ల జడ మొదలువలె కొంచెము మెలిపడియుండెను.

రెండు కొనలును రెండు వేరువేరు సాక్ష్యములు చెప్పినవి. లోపలి కొన మెలి, క్లచ్చు విడిచిన పద్ధతిని చెప్పినది. వెలుపలి కొన బీట, బేరింగు కూర్చుండు చోట రాడ్డు లావు మెట్టువలె మారు మూలలో పుట్టినది. అది వంపు వలన కలిగినది, వెడల్పు టైరు వేయుటచే భారము బేరింగునకు దూరముగా వెలుపలికి జరిగి రాడ్డును ప్రతి తిరుగుడునకు ఒక మారు వంచి ఒక మారు సరిచేయుచుండుట వలన కలిగినది. బండి కిలోమీటరు నడచుటలో చక్రము నాలుగువందల సార్లకు పైగా తిరుగును. కోరుట్లనుండి జగిత్యాలకు పోయి వచ్చుసరికి ఎన్నిసార్లు వంగి లేచియుండునో చదువరియే గుణించుకొనవచ్చును. మరునాడు నేను పాఠము చెప్పు తరగతిలో పిల్లలచేత సుద్దముక్కలు విరిపించితిని. వంచి విరిచినది అడ్డముగా తెగినది. మెలిత్రిప్పి విరిచినది వాలుగా, మెట్లబావి మలుపువలె తెగినది. ఉక్కు సుద్ద కాదు, మెలిలో కూడ అడ్డముగా తెగుట కలదు. కావున తెగిన ముఖము మీది చారలనే ఉస్తాదువలె చదువుకొనవలెను. ఐనను పిల్లలు ఆ దినము సుద్దడబ్బాను ఖాళీ చేసిరి.

ఆ నున్నని సగము నాకు కొత్త దృశ్యము గాదు. 2017లో ప్రభుత్వము బతుకమ్మ చీరల నేతను సిరిసిల్ల మరమగ్గములకు అప్పగించినపుడు, రాత్రింబవళ్ళు సాంచాల చప్పుడు ఆగని ఆ నెలలలో, నేను పగలు బడిలో పాఠము చెప్పుచు, రాత్రి నలుగురు ఆసాముల లెక్కలు వ్రాయుచు, అది నా సామర్థ్యమునకు నిదర్శనమని మురిసిపోయితిని. పండుగ గడచెను, చీరలు పోయెను, నాకేమియు కాలేదు. తరువాత రెండు నెలలకు, పనియే లేని ఒక ఆదివారము నాడు, తలుపు గొళ్ళెము పెట్టుటకు చేయెత్తి, ఎత్తిన చేయి దింపలేక, కుర్చీలో కూలబడితిని. వైద్యుడు ఏమి చేసితివని ఆ వారము సంగతి అడిగెను. ఆ వారము నేనేమియు చేయలేదు. అలసట పేరుకొనుట నాకంటె ముందు నా ఎముకలకు తెలిసినది.

సిరిసిల్లయే మరియొక పాఠము కూడ నేర్పినది. పడుగు దారమును మగ్గమున కెక్కించుటకు ముందు సైజింగులో గంజి పట్టింతురు. గంజి దారము పైపొరను మాత్రము గట్టిపరచి నూగు అణచును; లోపలి పోగు సాగుడుతనమును పోగొట్టుకొనరాదు. గంజి ఎక్కువైనచో దారము పుల్లవలె పెళుసై పటపట తెగును, తక్కువైనచో రాపిడికి నూగు లేచి తెగును. మంచి యాక్సిల్ రాడ్డును చేయుటయు ఇట్టిదే: విద్యుత్ప్రేరణముచే పైచర్మమును ఎఱ్ఱగా కాచి తటాలున చల్లార్చి కఠినముచేసి, లోపలి గర్భమును మెత్తగా నుంతురు, పైచర్మము అరుగుడును బీటను ఎదిరించును, గర్భము కుదుపును మ్రింగును. ఊరి కమ్మరి దగ్గర వెల్డింగు చేయించిన రాడ్డు ఎంత నున్నగా అరగదీసినను పనికిరాకపోవుటకు కారణము, ఆ నిప్పులో చర్మము గర్భము భేదము చెడిపోవుటయే. వెల్డింగు పైసలు మిగిలినవని సంతోషించినవారిని నేనెరుగుదును. వారి బండ్లను మరల త్రాళ్ళు కట్టి లాగుకొని వచ్చుటయు ఎరుగుదును.

లారీలలో ఏర్పాటు వేరు. అందు చక్రము హౌసింగు గొట్టము చివరనే రెండు బేరింగుల మీద కూర్చుండును; భారమును గొట్టము మోయును, రాడ్డునకు త్రిప్పుట యొక్కటే పని. కనుకనే లారీ తన కాళ్ళమీద తాను నిలిచియుండగనే, చక్రము నడిమి బోల్టు లూడదీసి రాడ్డును ఒరలోని కత్తివలె వెలుపలికి లాగుదురు; రాడ్డు విరిగినను చక్రము ఎచ్చటికిని పోదు. దీనిని ఫుల్ ఫ్లోటింగు అందురు. కార్లలోను చిన్న పికప్పులలోను సాధారణముగా సెమీ ఫ్లోటింగు. అచ్చట మోయునదియు త్రిప్పునదియు ఒకే రాడ్డు. మన ఇండ్లలో గల్ఫునుండి తిరిగివచ్చిన పెద్దకొడుకు స్థితి ఇదియే: సంపాదించువాడు అతడే, అప్పులకు పూచీ అతడే, తగవులు తీర్చువాడును అతడే, కొత్త వ్యాపారమునకు రేసు ఇయ్యవలసినవాడును అతడే. అట్టి యింట మొదట చేయవలసినది అతనికి ధైర్యము నూరిపోయుట కాదు. ఇంటి ఖర్చు లెక్కను తమ్మునికో, భార్యకో, చిన్నాయనకో అప్పగించి, భారమును గొట్టము మీదికి దింపుట. ఇట్లు చెప్పినపుడు ఒక పెద్దమనిషి నాపై కినిసి, "ఇంటి పెద్దరికం ఇంకోని చేతుల పెడ్తరా?" అనెను. పెద్దరికము వేరు, పానా చివర నిలుచుట వేరని అతనికి చెప్పి ఒప్పింపలేకపోయితిని.

అమెరికాలోని డ్రాగ్ పందెములలో, పావు మైలు, అనగా 402 మీటర్లు, నిలిచినచోటినుండి దూకి పరుగిడుటయే పందెమగుట చేత, వారికి ఇరుసే ప్రాణము. 1957లో ఫోర్డు కంపెనీ తెచ్చిన తొమ్మిదంగుళముల క్రౌనుగల ఇరుసును, బరువు ట్రక్కులకై చేసిన డానా 60 ఇరుసును వారు నేటికిని ఏరి తెచ్చి తగిలించుకొందురు. 31 పళ్ళ రాడ్డు లావు సుమారు 1.32 అంగుళములు, 35 పళ్ళది 1.5, కంటికి తేడా కందిగింజంత. కాని మెలిని తాళు శక్తి వ్యాసము ఘనమును బట్టి పెరుగును గనుక, ఆ కందిగింజ మందము బలమును ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పెంచును. అబూధాబీ ఎడారిలో లివా సమీపమున తల్ మొరీబ్ అను ఎత్తైన ఇసుకగుట్ట కలదు. బలము పెంచిన బండ్లతో దానినెక్కు పోటీలు శీతకాలమున జరుగును. కొట్టము గడపమీది యువకుడు గల్ఫులో నుండగా ఆ పోటీలు చూచినవాడు, తన బండికి బలము పెంచవలెనను కోరిక అతనికి అచ్చటనే పుట్టినది. బండి గుట్ట ఎక్కుట అతడు చూచెను. ఎక్కుటకు ముందు దాని క్రింద ఎవరో వెల్లకిల పడుకొని ఏమేమి మార్చిరో చూడలేదు. చూచువారి వైపునకు ఆ పని కానరాదు గదా. మన దేశమునను, పంజాబులో ట్రాక్టర్లను ఒకదానికొకటి కట్టి లాగించు పందెములు, విన్యాసములు ముదిరి, ఒకడు ప్రాణము కోల్పోగా 2023లో ఆ ప్రభుత్వము విన్యాసములను నిషేధింపవలసి వచ్చెను.

ఇక బలము పెంచుకొనదలచినవాడు చేయవలసిన పనులు. బండి క్రిందికి దూరి చూడుము. చక్రము లోపలివైపున నూనె చెమ్మ కనిపించినచో సీలుతోబాటు బేరింగును కూడ అనుమానింపుము. ముందు గేరునుండి రివర్సునకు మార్చినపుడు వెనుక టక్కుమని మ్రోగినచో పళ్ళమధ్య సందు పెరిగినదని యెరుంగుము. ఆ సందే కుదుపునకు పరుగుబాట. హౌసింగు నూనె మార్చునపుడు డ్రెయిను బోల్టు కొనను వేళ్ళతో రుద్ది చూడుము. వెండిపొడివంటి మెత్తని నుసి సహజము, వ్రేలికి గ్రుచ్చుకొను రేకు సహజము గాదు. కమాన్లను ఇరుసునకు బిగించు యు బోల్టులు వదులైనచో, రేసు ఇచ్చినపుడెల్ల ఇరుసు కమాను మీద వెనుకకు పొరలి, చక్రము నేలమీద ఎగిరెగిరి పడి, ప్రతి పాటునకు ఒక సమ్మెట దెబ్బ వేయును. క్లచ్చును మొదట పట్టు దొరుకువరకు నెమ్మదిగా విడిచి, కాడెద్దు మెడ కాడికి తగిలిన తరువాతనే చెర్నకోల ఝళిపించు రైతువలె, పిమ్మట బలమిమ్ము. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మోయదగిన భారమును 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచెను. అంతకు ముందే రోడ్డెక్కిన లారీ ఇరుసు మాత్రము ఆ రాత్రి వెంట్రుకవాసియైనను లావెక్కలేదని లారీవారు మరువరాదు.

ట్రాక్టరువారికి ఒక మాట వేరుగా చెప్పవలసియున్నది. నాట్లకాలమున కేజీవీల్సు వేసి మడిలో దిగినపుడు ఒక చక్రము ఊబిలో కూరుకొనిపోగా డిఫరెన్షియలు లాకు నొక్కుట కలదు. అంతవరకు రెండు రాడ్లు పంచుకొన్న మెలి, పట్టు దొరికిన ఒక్క రాడ్డు మీదనే పడవచ్చునని తెలిసి నొక్కవలెను, నొక్కి మలుపు త్రిప్పరాదు. అంతకంటె ఘోరమైనది వెనుక చక్రములకు అడ్డముగా దుంగ కట్టి పైకెక్కింపజూచుట. అపుడు తిరుగలేని చక్రమునకు బదులు ట్రాక్టరే ఇరుసు చుట్టు తిరిగి, ముందుభాగము లేచి, తోలువాని మీద పడును. అది కన్నుమూసి తెరచునంతలో జరుగును, దూకుటకు వ్యవధి యుండదు. ముందు మట్టి త్రవ్వుము. మరియొక ట్రాక్టరును పిలిపించుము. పొరుగువాని ఉపకారము పొందుటలో నామోషి లేదు.

వారము తరువాత నేను మరల ఆ కొట్టమునకు పోయితిని. నిజము చెప్పవలెనన్న నా గొలుసుకు ఏ లోపమును లేదు. కొత్త రాడ్డు బల్లమీద నుండెను. యువకుడు జేబులోని మేకు తీసి దానిమీద పొడవునా గుర్తు గీయబోగా, ఉస్తాదు అతని మణికట్టు పట్టుకొనెను. "గీత గీస్తే గాణ్నే బీట వుడ్తది," అని, సన్నని కుంచెతో తెల్లరంగు ముంచి, పళ్ళనుండి బేరింగు చోటువరకు దారమువలె ఒక గీత దించెను. పాత టైర్లు మరల ఎక్కినవి. ఇంజను లెక్కలను కంపెనీవారు పెట్టినట్లే మార్పించుకొని వచ్చెదనని యువకుడు చెప్పెను. ఉస్తాదు ఔననలేదు, కాదనలేదు. వడ్ల కోతలు ముగిసిన తరువాత బండి తెమ్మని మాత్రము చెప్పెను.

కోతలు ముగిసిన పిమ్మట అతడు వచ్చెను. బ్రేకు పళ్ళెము నాలుగు నట్లు విప్పి, రాడ్డును లాగి, గుడ్డతో నూనె తుడిచి, ఉస్తాదు దానిని బల్బు క్రింద బల్లమీద పెట్టెను. మేము ముగ్గురమును వంగి చూచితిమి. తెల్లగీత అచ్చటచ్చట చెరిగియుండెను గాని, ఈ కొననుండి ఆ కొనకు తిన్నగానే యుండెను. ఉస్తాదు మాటాడక, చెరిగిన చోటులలో మరల కుంచె పెట్టి, రంగు ఆరువరకు చాయి తెప్పించెను.